రెండు సీట్ల విమానానికి దిష్టి

ద్వాలికి తోటికోడలు పూలి మీద కోపమేమీ లేదు. ఆ మాట ఎవరు అడిగినా చెప్పేది, అడగకపోయినా చెప్పేది. అడగకుండానే చెబుతున్నదంటే లోపల ఏదో ఉన్నదని తండాలో ఆడవాళ్ళంతా ఎరిగినదే.

ఉండడమైతే ఉంది. దాని పేరు కోపం కాదు, అంతే.

రెండువేల ఏడో సంవత్సరం, ఫాల్గుణంలో ఒక బుధవారం. రేగులతండా జనమంతా పొద్దున్నే పాత రన్‌వే మీద చేరి మిరపకాయలు ఎత్తుతున్నారు. తల్లాడ దాటి కొత్తగూడెం వైపు పోతుంటే చేలు అయిపోయి అడవి మొదలయ్యే చోట ఉంటుంది ఆ తండా. దాని పక్కన, ఎప్పుడో ఒక కంపెనీ వాళ్ళు తమ పెద్దదొరలు దిగడానికని వేసిన సిమెంటు బాట ఒకటి ముప్పావు కిలోమీటరు పొడుగున పడి ఉంది. కంపెనీ పోయింది, దొరలు పోయారు, బాట మిగిలింది. ఏ వస్తువునూ వృథాగా ఉండనివ్వని దేవుడు చివరికి దానికి మిరపకాయలు ఎండబెట్టే పని అప్పగించాడు. మట్టి నేల మీద ఎండితే కాయకు దుమ్ము పడుతుంది. సిమెంటు మీద అయితే పైనుంచి ఎండా కిందనుంచి కాకా తగిలి వారం తిరిగేసరికి గలగలమంటుంది. అందుకే ఆ నెలల్లో బాట బాటంతా ఎర్రగా ఉంటుంది.

ఆ ఎరుపంతా ఇప్పుడు ఎత్తేయాలి. రేపు పొద్దున అక్కడ హీరాలాల్ విమానం దిగబోతోంది.

హీరాలాల్ ద్వాలి భర్త సోమ్లాకు సొంత తమ్ముడు. ఇంటర్ చదివి ఎయిర్‌ఫోర్స్‌లో మెకానిక్‌గా చేరి, అక్కడి నౌకరీ అయిపోయాక హైదరాబాదులో ఒక విమానాల క్లబ్బులో కుదిరాడు. ఇంజన్లు బాగుచేస్తూ చేస్తూ నడపడమూ నేర్చి లైసెన్సు సంపాదించాడు. రెక్క విరిగి షెడ్డులో మూలపడి ఉన్న ఓ చిన్న విమానాన్ని ఇద్దరు మిత్రులతో కలిసి కొని, నాలుగేళ్ళపాటు ఆదివారాలన్నీ దానికే ధారపోసి నిలబెట్టాడు. అందులో సీట్లు రెండే. ఒకటి నడిపేవాడికి, ఒకటి పక్కన కూర్చునేవాళ్ళకి. ఇప్పుడు భార్య పూలిని పక్కన కూర్చోబెట్టుకుని తొమ్మిది రోజుల విహారానికి బయలుదేరాడు. హైదరాబాదు నుంచి ఇక్కడికి, ఇక్కణ్ణుంచి రాజమండ్రి, ఆ తర్వాత విశాఖపట్నం, ఆపైన ఒరిస్సాలో సముద్రం ఒడ్డున ఏదో ఊరు. ఇక్కడ దిగడానికి కాగితాలు తెచ్చుకోవడానికే ఆరు నెలలు పట్టిందట.

ద్వాలి కాయ ఎండలో పోసి మూడు రోజులే అయింది. సగం ఎండిన కాయను కుప్ప చేస్తే లోపల ఆవిరి పట్టి తెల్లమచ్చలు వస్తాయి. దాన్ని ఖమ్మం మార్కెట్లో తాలు అని పక్కకు తోసేస్తారు.

"మూడు దినాల కాయ ఇది," అంది సోమ్లాతో, తట్టలోకి ఎత్తుతూ. "గిప్పుడు కుప్పేస్తే ఏమైతదో నీకు తెల్వదా?"

"ఒక్క దినమే గదనే. వాళ్ళు పోయినంక మళ్ళ పరుద్దం."

"మీ తమ్ముడు అందరి లెక్క బస్సుల రారాదా?"

"బస్సుల వస్తడు గని, ఇమానాన్ని యాడ పెడతడు? బస్టాండ్‌ల దిగదు గద అది."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ద్వాలి నవ్వలేదు. తట్ట నెత్తికెత్తుకుని ముందుకు నడిచింది.

తట్ట బరువు ఆమెకు లెక్కలో లేదు. ఆదివారం పూలి ఫోనులో చెప్పిన ఒక్క మాట రేగుముల్లులా దిగబడి మూడు రోజులైనా బయటికి రావడం లేదు. "నేను పక్కన కూసొని మ్యాపు పట్టుకోవాలె అక్కా," అంది పూలి. "గోదారి వస్తే చెప్పాలె, రైలు పట్టాలు వస్తే చెప్పాలె. ఎడమకు అంటే ఎడమకు, కుడికి అంటే కుడికి. నేను ఎట్ల చెప్తే ఆయన గట్ల తిప్పుతడు."

నేను ఎట్ల చెప్తే గట్ల! ఇరవై ఏళ్ళ కాపురంలో సోమ్లా ఎటు పోదామని ద్వాలిని ఒక్కసారి అడిగి ఎరగడు. చెడ్డవాడు కాదు. తాగి కొట్టేవాడూ కాదు. ఎక్కడికి బయలుదేరినా చేతులు ఊపుకుంటూ పది అడుగులు ముందు నడుస్తాడు, ఆమె వెనక వస్తుంది. అంతే. వస్తున్నదో లేదో వెనక్కి తిరిగి కూడా చూడడు. వస్తుందని ఆయనకు నమ్మకం.

అయిదేళ్ళ కింద శ్రీరామనవమికి తండా వాళ్ళంతా వ్యాను కట్టించుకుని భద్రాచలం పోయారు. వెనక ఆడవాళ్ళు, ముందు మగవాళ్ళు. కల్యాణ మండపం దగ్గర జనం ఒత్తిడిలో సోమ్లా ఒక పక్కకు, ద్వాలి ఒక పక్కకు అయిపోయారు. కల్యాణం ఇద్దరూ చూశారు గాని కలిసి చూడలేదు. మర్నాడు గుడిలో దర్శనం. అక్కడ రాముడు సీతమ్మను ఎడమ తొడ మీద కూర్చోబెట్టుకుని ఉంటాడు కదా. ద్వాలి చేతులు జోడించి, అందరిలా పంటా పిల్లలా అని అడగవలసింది పోయి, సీతమ్మనే చూస్తూ నిలబడిపోయింది. లోకాలేలే స్వామికే భార్యను దగ్గర కూర్చోబెట్టుకోవడానికి సిగ్గు లేకపోయింది. ఒంటి మీద బనీను సరిగా ఉండని ఈ సోమ్లాకు ఎందుకింత సిగ్గు? అడుగుదామనుకుంది. ఇంతలో వెనకనుంచి తోసేశారు.

గురువారం తొమ్మిదింటికి ఆకాశంలో మోటారు చప్పుడు వినబడింది. అడవి మీదుగా చిన్న తెల్లటి విమానం వచ్చి, బాట మీద ఒక చుట్టు తిరిగి, కొంగలా ఒరిగి దిగింది. దాని ముందున్న పంకా గాలికి బాట సందుల్లో మిగిలిన గింజలూ తొక్కలూ ఘాటూ అన్నీ ఒక్కసారి లేచాయి. చూడడానికి వచ్చిన తండా అంతా తుమ్మడం మొదలుపెట్టింది. బందోబస్తుకని వచ్చిన కానిస్టేబుల్ భద్రయ్య టోపీ తీసి మరీ తుమ్మాడు.

"శకునం మంచిగ లేదు," అంది ఒక ముసలామె.

"ఎవరి తుమ్మని చూస్తవే శకునం?" అంది ద్వాలి అత్త చాంది, ముక్కు తుడుచుకుంటూనే. "ఊరంత తుమ్మితే అది శకునం గాదు, మిరపకాయ."

పూలి దిగింది. పంజాబీ డ్రెస్సు, నెత్తిన టోపీ, నల్లకళ్ళద్దాలు. చేతిలో మడతలు పెట్టిన మ్యాపు. మొహం అలసిపోయి ఉంటుందేమోనని ద్వాలి చూసింది. లేదు. వాంతులేమైనా అయ్యాయేమోనని చూసింది. అదీ లేదు. పూలి మొహం కడిగిన ఆకులా నిగనిగలాడుతోంది.

"అక్కా! పైనుంచి చూస్తే మన తండా గింతే ఉన్నది, బొట్టుబిళ్ళంత!" అంటూ వచ్చి ద్వాలిని కావలించుకుంది. "ఈయన దారి తప్పిండు తెల్సా? వైరా చెరువును చూసి గోదారి అన్నడు. నేను కాదంటే ఇనలే. మళ్ళ మ్యాపు చూపిస్తే ఒప్పుకున్నడు."

"ఏం చేస్త వదినా," అన్నాడు హీరాలాల్ నవ్వుతూ. "పైన ఆమె మాటే చట్టం."

ద్వాలి కూడా నవ్వింది. నవ్వు మొహం మీద నిలబెట్టడానికి బిందె నీళ్ళు తోడినంత శ్రమ అయింది.

ఇంటికి పోయి జొన్నరొట్టెలూ కోడికూరా తిన్నారు. తింటున్నంతసేపూ పూలి చెబుతూనే ఉంది. తొమ్మిది రోజులు పిల్లలు లేరు, పొయ్యి లేదు, వచ్చేవాళ్ళు పోయేవాళ్ళు లేరు. ఇద్దరే. 'ఇద్దరే' అన్న మాట పూలి ఎన్నిసార్లు అన్నదో ద్వాలికి గుర్తు. చాంది చిన్నకొడుకు వీపు నిమురుతూ కూర్చుంది. సోమ్లా నోరు తెరుచుకుని వింటున్నాడు. ఆయన మొహంలో తమ్ముడు పైకొచ్చాడన్న సంతోషం తప్ప ఏమీ లేదు. ఆ ఏమీ లేకపోవడాన్ని చూసి ద్వాలికి ఇంకా మండింది.

పదకొండింటికి బయలుదేరడానికి లేచారు. హీరాలాల్ విమానం చుట్టూ తిరిగి అన్నీ తట్టి చూసుకున్నాడు. రెక్క కింద గొట్టానికి తొడిగిన ఎర్రగుడ్డ సంచి ఒకటి ఊడదీసి జేబులో పెట్టుకున్నాడు. ఇంతలో భద్రయ్య కాగితాల మీద సంతకాలు కావాలని పిలిస్తే వేపచెట్టు కిందికి పోయాడు.

అప్పుడు చాందికి గుర్తొచ్చింది. "ఆగున్రి! దిష్టి తియ్యకుండ పంపుతమా? ట్రాక్టరు కొంటేనే తీస్తిమి, ఇది ఇమానమాయె. ద్వాలీ, నువ్వే తియ్యాలె. ఇంటికి పెద్దకోడలివి."

ద్వాలి తన చేతులు చూసుకుంది. దిష్టి తీసే చెయ్యి చల్లగా ఉండాలంటారు. తీసేవాళ్ళ కళ్ళలోనే దిష్టి ఉంటే? పోనీ తియ్యనంటే నలుగురూ ఎందుకంటారు. ఏం చెబుతుంది? నా కడుపులో మంట ఉంది, నేను తీస్తే తగులుకుంటుంది అని చెబుతుందా?

ఇంట్లోకి పోయి పసుపు కలిపింది. ఎప్పుడూ కలిపేంత కాదు, రెండింతలు కలిపింది. తన కన్ను ఎంత చెడ్డదో ఆమెకు తెలుసు గనుక మందు అంతా పడాలనుకుంది. చక్రాల కింద మూడు నిమ్మకాయలు పెట్టింది. పంకాకు బొట్టు, తలుపులకు బొట్టు. తోక దగ్గర పూసింది, రెక్కల అంచులకు పూసింది. ఎడమ రెక్క కింద వేలంత గొట్టం ఒకటి ముందుకు పొడుచుకుని ఉంది. దాని కొసన బెజ్జం. వంగి చూస్తే అది తననే చూస్తున్న కన్నులా అనిపించింది. ఆ బెజ్జంలోకి పసుపు ముద్ద పెట్టి, వేలితో అదిమి, పైన కుంకం అద్దింది.

తర్వాత ఉప్పూ మిరపకాయలూ గుప్పిట పట్టుకుని భార్యాభర్తలిద్దరి చుట్టూ తిప్పింది. "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, ఊరోళ్ళ దిష్టి, దార్ల పోయేటోళ్ళ దిష్టి..." ఆ తర్వాత అనవలసింది ఇంటి దిష్టి. ఆ మాట అనలేదు. దగ్గుతున్నట్టు చేసి గుప్పిట చాంది తెచ్చిన నిప్పుల్లో వేసేసింది. ఎవరూ గమనించలేదు.

ఇద్దరూ ఎక్కారు. పూలి మ్యాపు ఒళ్ళో పరుచుకుని చెయ్యి ఊపింది. పంకా తిరిగింది. విమానం నిమ్మకాయలు తొక్కుకుంటూ కదిలి, బాట ఆ కొసకు పోయి, తిరిగి నిలబడి, పరుగు అందుకుంది. దగ్గరికి వచ్చింది, జనాన్ని దాటింది, ముందు చక్రం ఇక నేలను వదులుతుందనగా మోటారు గొంతు ఒక్కసారి పడిపోయింది. చక్రాలు కీచుమన్నాయి. విమానం అటూ ఇటూ ఊగుతూ బాట చివరిదాకా జారిపోయి, తుమ్మపొదలకు నాలుగు బారల ఇవతల ఆగింది.

జనం పరుగెత్తారు. ద్వాలి పరుగెత్తలేకపోయింది. కొంగు నోట్లో కుక్కుకుని మెల్లగా నడిచింది. నడుస్తున్నంతసేపూ ఒకటే మొక్కు. రామయ్యా, వాళ్ళు బాగుంటే చాలు, నా కళ్ళు పోయినా సరే.

బాగానే ఉన్నారు. పూలి దిగి నేల మీద చతికిలబడింది. హీరాలాల్ చొక్కా చెమటతో తడిసి ఉంది.

"నేను చెప్పలే?" అని చాంది గుండెలు బాదుకుంది. "ఎవరి పాడు కండ్లు పడ్డయో నా కొడుకు మీద!"

"కండ్లు గాదమ్మా, సూది," అన్నాడు హీరాలాల్. అన్న వైపు తిరిగి చెప్పాడు. "ఎంత స్పీడుల పోతున్నమో చూపే సూది ఉంటది అన్నా. లేవనే లేదు. సున్న మీదనే ఉన్నది. గట్ల పైకి పోతే ఎంత నెమ్మదైతున్నమో తెల్వక పడిపోతం. ఇంకొంచెం ముందుకొచ్చి చూసుంటే లేచిపోయేటోళ్ళం."

వంగి రెక్క కింద గొట్టం చూశాడు. గోటితో గీశాడు. పచ్చటి ముద్ద ఊడి చేతిలో పడింది. గాలి దూరవలసిన బెజ్జం గట్టిగా మూసుకుపోయి ఉంది.

"ఇది ఎవరు పెట్టిన్రు?"

హీరాలాల్ గొంతులో ఎప్పుడూ లేని కరుకుదనం ఉంది. ద్వాలి గుంపు వెనక నిలబడి ఉంది. ఆమె పక్కన సోమ్లా.

"నేనే తమ్మీ," అన్నాడు సోమ్లా. "మంచిగుంటదని నేనే పెట్టిన. తెల్వక."

ద్వాలి తల తిప్పి చూసింది. ఆమె పసుపు పూస్తున్నప్పుడు సోమ్లా అక్కడ లేనే లేడు. బాట ఆ కొసన బర్రెలను తోలుతున్నాడు. ఆ సంగతి ఆమెకు తెలుసు, ఆయనకూ తెలుసు. ఇప్పుడు నోరు మూసుకుంటే చాలు. సోమ్లా తెలివితక్కువవాడని నాలుగు రోజులు నవ్వుకుంటారు, అంతటితో పోతుంది. తెలియక చేసిన తప్పుకు దేవుడు శిక్ష వెయ్యడంటారు. పసుపు పెడితే సూది లేవదని ఆమెకు తెలియదు, నిజమే. కాని ఈ విహారం సాగకపోతే బాగుండునని నాలుగు రోజులుగా లోలోపల కోరుకున్నది తెలిసే కదా? ఆ రెంటిలో దేవుడు దేన్ని పట్టుకుంటాడు? జవాబు దొరకకముందే ఆమె నోరు తెరుచుకుంది.

"ఆయన గాదు. ఆయన బర్రెలు తోలబోయిండు. పెట్టింది నేను."

"నువ్వా వదినా?"

"అవ్. నా కండ్లు మంచియి గావు." గుంపులోంచి ముందుకు వచ్చింది. "పూలి మ్యాపు పట్టుకొని నీ పక్కన కూసుంటదని ఫోన్ల చెప్పినకాన్నుంచి నా కడుపుల మంట. నిద్ర లేదు. గసోంటి దాన్ని పట్టుకొని దిష్టి తియ్యమంటిరి. నా దిష్టే తగుల్తదని భయమై గింత పసుపు కలిపిన. యాడ సందు కనబడితే ఆడ పెట్టిన. గా గొట్టం నన్నే చూస్తున్నట్టు కొట్టింది. మూసిన."

"అయ్యో, నలుగుర్ల ఇదేం మాటే!" అంది చాంది.

భద్రయ్య ఏదో అనబోయి తుమ్మాడు.

హీరాలాల్ చేతిలోని పసుపు ముద్దను పారేసి చెయ్యి తుడుచుకున్నాడు. "వదినా," అన్నాడు, "మంటకు ఇమానం పడదు. గొట్టంల పసుపు పెడితే పడతది. మంట ఎంతన్న పెట్టుకో, గొట్టం జోలికి రాకు." అని పనిముట్ల సంచి తీసి, గొట్టం ఊడదీయడం మొదలుపెట్టాడు. గంట పడుతుందన్నాడు.

హీరాలాల్ చదువుకున్నవాడు, ఆయన లెక్క ఆయనకు సరిపోయింది. పడేసేది పసుపే. కాని ఆ పసుపును అక్కడిదాకా నడిపించుకొచ్చింది ఏది? ద్వాలికి మాత్రం తన లెక్క అక్కడితో తేలలేదు.

జనం తలా ఒక మాట అనుకుంటూ నీడల్లోకి పోయారు. ద్వాలి ఎవరి మొహం చూడలేక దూరంగా ఇప్పచెట్టు కిందికి పోయి కూర్చుంది. కాసేపటికి పూలి చెంబుతో నీళ్ళు పట్టుకుని వచ్చి పక్కన కూర్చుంది. నల్లకళ్ళద్దాలు లేవు. టోపీ లేదు.

"నీళ్ళు తాగు."

ద్వాలి తాగింది.

"అక్కా, ఒకటి చెప్తే కొట్టవు గద?"

"కొట్టే మొఖమా నాది ఇయ్యాల? చెప్పు."

"ఇక్కడ దిగుదమన్నది ఆయన గాదు. రాజమండ్రికి సీదా పోవచ్చు. గిప్పుడు బాట మీద కాయ ఉంటది, మనోళ్ళను పరేషాన్ చెయ్యొద్దని ఆయన చెప్పిండు. నేనే పట్టుబట్టిన."

"ఎందుకు?"

"నువ్వు చూడాలని."

ద్వాలి చెంబు కింద పెట్టింది. "అంటే నన్ను ఏడిపియ్యనీకి నా కాయ ఎత్తిచ్చినవా?"

"కాయ సంగతి పట్టించుకోలే. ఏడిపిద్దామని మాత్రం వచ్చిన." పూలి నేల మీద రాలిన ఇప్పపువ్వు ఒకటి తీసి వేళ్ళ మధ్య నలిపింది. "నేను పెండ్లై వచ్చినకాన్నుంచి ఈ ఇంట్ల అన్నిటికి ద్వాలే. ద్వాలి కాయ కోస్తే కోసినట్టు, ద్వాలి రొట్టె కొడితే కొట్టినట్టు. నేను కట్టెలమోపు కడితే దార్లనే ఇడిపోయేది. అత్త నలుగుర్ల నవ్వేది. నువ్వు గూడ నవ్వినవు. ఆమె నవ్వింది నేను మర్శిన. నీది మర్వలే. హైదరాబాద్ల కొత్త చీర కట్టినా ఎవరికి చూపాలె? ఆడ ఎవరు కట్టినా ఎవరూ చూడరు. నువ్వు చూస్తేనే నాకు కట్టినట్టు."

"ఏడ్చిన్నా మరి?" అంది ద్వాలి.

"బాగ ఏడ్చినవ్. దిగంగనే నీ మొఖం చూసిన. నా కడుపు నిండింది." పూలి నలిగిన పువ్వును పారేసింది. "మళ్ళ ఆ పొదలు మీదికొస్తున్నప్పుడు పిల్లలు కండ్ల ముందట కనబడ్డరు అక్కా. ఈమె ఉసురే తగిలింది, కోరి తెచ్చుకున్ననని అనుకున్న."

ద్వాలికి కోపం రావలసింది. వచ్చింది కూడా. అయితే ఆ కోపం వెనకే, ఇన్నేళ్ళుగా మోస్తున్న మోపును ఎవరో అటు చివర ఒక చెయ్యి వేసి పట్టుకున్నట్టు అనిపించింది.

"మంచి కోడండ్లే దొరికిన్రు మన అత్తకు," అంది. "ఒకతి ఏడిపిస్తది, ఒకతి గొట్టంల పసుపు కుక్కుతది."

పూలి పకపకా నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. ద్వాలి ఆమెను ఓదార్చలేదు. చెంబులో మిగిలిన నీళ్ళు ఆమెకు ఇచ్చింది.

గొట్టం శుభ్రమయ్యాక హీరాలాల్ ఒక్కడే ఎక్కి బాట పొడుగునా ఒకసారి ఉరికించి చూసుకున్నాడు. సూది లేచింది. చాంది మళ్ళీ ఉప్పు తెమ్మని కేకేసేసరికి రెండు చేతులూ జోడించాడు. "అమ్మా, నీ కాళ్ళు మొక్కుత. ఇమానాన్ని ఎవరూ ముట్టకున్రి. దూరంకెళ్ళి దీవించున్రి, చాలు."

ఈసారి విమానం ఆగలేదు. తుమ్మపొదలకు చాలా ఇవతలే లేచి, అడవి మీద వంపు తిరిగి, గోదావరి వైపు పోయింది. కిటికీలోంచి పూలి చెయ్యి చాలాసేపు కనబడింది. తూర్పుకు తిరగమని ఇప్పుడు ఆమె చెబుతూ ఉంటుంది, ఆయన తిప్పుతూ ఉంటాడు. ద్వాలి కడుపులో మంట మళ్ళీ లేచింది. అన్నీ చెప్పుకున్నాక పోతుందనుకున్నది, పోలేదు. కాని వాళ్ళు క్షేమంగా దిగాలని కూడా అంతే గట్టిగా అనిపించింది. రెండూ ఒకే గుండెలో ఎట్లా ఇముడుతాయో రామయ్యకే తెలియాలి.

ఎండ దిగకముందే కాయ పరచాలి. జనం ఎవరి కుప్ప వాళ్ళు విప్పుకున్నారు. ద్వాలి కుప్ప లోపల చెయ్యి పెట్టి చూసింది. వెచ్చగా ఉంది గాని మచ్చలు ఇంకా పడలేదు. ద్వాలీ సోమ్లా ఎదురెదురుగా కూర్చుని కాయ పలచగా తోయడం మొదలుపెట్టారు.

"చెప్పకుంటే అయిపోవు గద," అన్నాడు సోమ్లా. "నేను మీదేసుకుంటి గద."

"నువ్వెందుకు మీదేసుకున్నవ్?"

"నీ చేతులకు పసుపుండె, కొంగు నోట్ల కుక్కుకున్నవ్. చూసిన."

ద్వాలి చేతులు ఆగిపోయాయి. ఈ మనిషి చూస్తాడా?

"మనకు ఇమానం యాడిది ద్వాలీ," అన్నాడు, తప్పు చేసినవాడిలా. "నా జిందగీ అంత చేసినా రాదు."

"ఇమానం ఎవరు అడిగిన్రు? ఇమానం మీద కాదయ్యా నా ఏడ్పు. ఆమె చెప్తుంటే ఆయన ఇంటుండు. తొమ్మిది దినాలు ఇద్దరే ఉంటరు. గదీ."

సోమ్లా ఒక కాయ తుంచి, గింజలు చూసి, పారేశాడు.

"ఎన్నడు చెప్పకపోతివి."

"ఎన్నడు అడగకపోతివి."

"ఇప్పుడు అడుగుతున్న. చెప్పు, యాడికి పోదం?"

ద్వాలి నోరు తెరిచింది. రాజమండ్రి, విశాఖపట్నం, సముద్రం ఒడ్డున ఊరు అన్నీ వరసగా నాలుక మీదికి వచ్చాయి. అవన్నీ పూలి ఊళ్ళు. నాలుగు రోజులుగా నిద్ర లేకుండా ఏడ్చింది గాని, తను ఎక్కడికి పోవాలనుకుంటున్నదో ఒక్కసారీ అనుకోలేదు. ఆ సంగతి ఇప్పుడే తెలిసి ఆమెకే ఆశ్చర్యం వేసింది.

"ఆగు, ఆలోచన చెయ్యనీ," అంది.

"చెయ్యి. తొందరేమున్నది."

ఎర్రటి కాయలు రెండు బారల మేర పరుచుకున్నాక చెప్పింది. "నేలకొండపల్లి."

"ఖమ్మం అవతలనే గదనే అది? ఆడేమున్నది?"

"బుద్ధునిది ఇటుకల గుట్ట ఉన్నదట, శాన పాతది. మన బిడ్డ ఇస్కూల్ల ఉన్నప్పుడు పోయి చూసొచ్చి చెప్పింది. దాని చుట్టు తిరగొచ్చట. గప్పటిసంది చూడాలని ఉండె."

"అమ్మ గూడ వస్తానంటదేమో."

"అమ్మ వద్దు."

"నా దోస్తు ఆటో ఉన్నది. వాడు, వాని పెండ్లాం..."

"వాడు వద్దు, వాని పెండ్లాం వద్దు. బస్సుల పోదం. ఒక్క సీట్ల."

సోమ్లా చుట్టూ చూశాడు, ఎవరైనా విన్నారేమోనని. చెవులు ఎర్రబడ్డాయి. "కాయ ఎండినంక పోదం. వచ్చే గురువారం."

"మంగళవారం."

"మంగళవారం కాయ తిరగెయ్యాలె గదనే."

"పొద్దుగాల తిరగేసి పోదం."

సోమ్లా కాయ తోస్తూ తోస్తూ మనసులో బస్సు టైము లెక్కపెట్టుకున్నాడు. "ఆరింటికి ఒకటున్నది," అన్నాడు. "లేస్తవా మరి?"

"నేను లేస్త," అంది ద్వాలి. "నువ్వు లేస్తవో లేవో చూసుకో."